ఇర్మా సోబోట్కా పేరు మీద

మంగళవారం ఉదయం 6.50.

కోల్టర్స్ రన్ ఊళ్లో, విందులకూ క్లాసులకూ అద్దెకిచ్చే ఫైర్ హాల్ వెనక ఇనప చెత్తకుండీలో పదకొండు అట్టపెట్టెలు దొరికాయి.

పెట్టెల నిండా రోగుల కాగితాలు. రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు, ఇన్సూరెన్స్ క్లెయిములు. వాటి మీద, శుక్రవారం చేపల విందులో మిగిలిన నూనె ఎవరో కుమ్మరించారు. పైన ఈగలు.

స్టేట్ ఇన్వెస్టిగేటర్ గ్వెన్ మరాస్కో గ్లౌజులు వేసుకుని ఒక్కో కాగితం తీసింది. ఒకావిడ గర్భసంచి ఆపరేషన్ వివరాలకు చేపముల్లు అంటుకుని ఉంది. గ్వెన్ ముల్లు ఏరేసి, ఆవిడ పేరు కనపడకుండా కాగితం బోర్లించింది.

ప్రతి పెట్టె మీదా ఒకటే లేబుల్. సోబోట్కా మెడికల్ బిల్లింగ్, 14 క్వారీ వీధి.

10.15కి ఆ ఇంటి తలుపు తట్టింది.

ఇర్మా సోబోట్కాకు అరవై ఒకటి. వెనక గదిలో ఆమె భర్త లెనార్డ్, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్లు గనిలో పీల్చిన బొగ్గు ఇప్పుడు దగ్గుగా బయటికొస్తోంది.

“నా వ్యాపారమా? అదింకా పుట్టందే!” అంది ఇర్మా. “డాక్టర్ల బిల్లులు ఇంట్లోంచే పంపే పని. పోయినేడాది జనవరిలో కోర్సు చేశాను. ఈయనకు జబ్బు ముదిరి రిజిస్ట్రేషన్ ఆపేశాను. మూడువారాల కింద దరఖాస్తు పెడితే, ఈ పేరుతో వ్యాపారం ఉందని వెనక్కి కొట్టారు. ఎవరిదయ్యా అంటే, మీదేనన్నారు!”

“పద్నాలుగు నెలల నించి నడుస్తోంది, ఇర్మా గారూ. అన్నీ చెయ్యని చికిత్సలకు క్లెయిములు.”

“నా పేరు మీదా?”

“మీ పేరు మీదే. గురువారం రెండు గంటలకు విచారణ. మీరు కాదని తేలకపోతే జన్మలో ఈ పని చెయ్యనివ్వరు. ఆపైన క్రిమినల్ కేసు.”

ఇర్మా భర్త గది వైపు చూసింది. గొంతు తగ్గించింది.

“ఈయన్ని వదిలి గడప దాటలేనమ్మా. ఇంట్లో కూర్చుని చేసుకునే పని ఇదొక్కటే దొరికింది.”

“మీ ఐడీ నంబర్లు ఎవరెవరి దగ్గరున్నాయి?”

“కోర్సు చెప్పిన క్రెయిగ్ టెల్ఫర్ దగ్గర. ఈయన చూపించుకునే క్లినిక్‌లో. అక్కడ మేనేజర్ మా డ్వేనే. ఈయన అన్న కొడుకు. ప్రతి ఆదివారం భోజనానికి వస్తాడు. బంగారం లాంటి పిల్లాడు.”

పెట్టెల్లోవన్నీ ఆ క్లినిక్ రోగుల కాగితాలే. అక్కడి డాక్టరుకు డెబ్బై తొమ్మిదేళ్లు. ముందు పెట్టిన ప్రతి కాగితం మీదా సంతకం పెడతాడు.

1.30కి గ్వెన్ ఫైర్ హాల్‌కు తిరిగొచ్చింది. ఫ్లోరిడా నుంచి ఏడాదికోసారి వచ్చే క్రెయిగ్ టెల్ఫర్, అదే హాల్లో ఈ ఏడు కోర్సు మొదలుపెడుతున్నాడు. ఆరువారాల్లో బతుకు మారుతుందని గోడకు బ్యానరు.

“పెట్టెలు మీ వెనక గుమ్మం దగ్గరే దొరికాయి.”

“నేనంత వెధవనా మేడమ్, నా గుమ్మంలోనే పారేసుకోడానికి?”

“పోయినేడాది మీ దగ్గర చేరినవాళ్లలో ఎంతమందికి పని దొరికింది?”

“ఇద్దరికి.”

“ఎంతమందిలో?”

“నలభైమందిలో. కలలు అమ్మడం నేరం కాదుగా?”

గ్వెన్ ఒక ఫోటో బల్ల మీద పెట్టింది. ఇంట్లో వ్యాపారం పెట్టేవాళ్లు, వచ్చేవాళ్ల కారుకు ఖాళీ చోటుందని చూపాలి. దొంగ దరఖాస్తుకు జతచేసిన ఫోటో అది. క్వారీ వీధిలో ఇర్మా ఇల్లు. ముందు మంచు తవ్వి చేసిన చోటు. మధ్యలో పసుపు రెగ్జిన్ వంటింటి కుర్చీ.

క్రెయిగ్ చూసి పెదవి విరిచాడు.

“చెత్త బండివాళ్ల కోసం పెట్టారా దాన్ని? మీ ఊరి పద్ధతులు మీకే తెలియాలి. నేనూ ఒకసారి ఇలాంటి కుర్చీ పక్కకు లాగి కారు పెట్టాను. పొద్దున్నకి నాలుగు టైర్లూ ఎవరో కోసేశారు.”

గ్వెన్ ఆ ఫోటో తీసి మళ్లీ చూసుకుంది. తర్వాత ఆ దొంగ దరఖాస్తు పడిన రోజు వాతావరణ రికార్డు తెప్పించింది. దానితోపాటు క్లినిక్ ఫోన్ రికార్డు.

గురువారం, 2.00. విచారణ గది.

హియరింగ్ ఆఫీసర్ ఫిలిస్ ఓర్ ఒక ఫారం ముందుకు తోసింది.

“మిసెస్ సోబోట్కా, యజమానిగా ఇక్కడ సంతకం పెట్టి వ్యాపారం మూసేస్తే, మా విభాగం వరకూ ఇక్కడితో అయిపోతుంది.”

క్లినిక్ తరఫున వచ్చిన డ్వేన్, పిన్ని పక్కనే కూర్చున్నాడు. పెన్ను ఆమె వేళ్లలో పెట్టి, ఆ చేతిని తన చేత్తో మూశాడు.

“పెట్టెయ్ పిన్నీ. పీడ విరగడవుతుంది. బాబాయి ఒక్కడే ఉన్నాడు ఇంట్లో.”

పెన్ను కాగితం మీదికి వంగింది.

“ఆగండి ఇర్మా గారూ,” అంది గ్వెన్. “సంతకం పెడితే ఇదంతా మీరే చేశారని ఒప్పుకున్నట్టు.”

ఫోటో తీసి డ్వేన్ ముందు పెట్టింది.

“ఖాళీ చోటు చూపమన్నారు. ఇందులో కుర్చీ ఉంది. తీసినవాడు దాన్ని రెండడుగులు జరిపి తీసుంటే సరిపోయేది. ఎందుకు జరపలేదు?”

“వేరేవాళ్ల కుర్చీ ఎవరు ముట్టుకుంటారండీ?” అన్నాడు డ్వేన్, నవ్వుతూ.

“ఎవరూ ముట్టుకోరు. ఈ ఊళ్లో పుట్టినవాళ్లెవరూ. మంచు ఎవరు తవ్వితే చోటు వాళ్లది. బయటికెళ్తూ కుర్చీ పెడితే, తిరిగొచ్చేదాకా ఆ చోటుకు అదే కాపలా. క్రెయిగ్‌కు ఇది చెత్తలా కనిపించింది. ఫోటో తీసినవాడు ఊరివాడు.”

“ఊళ్లో రెండువేలమంది ఉన్నాం.”

“కుర్చీ ఉందంటే కారు లేదు. ఇంట్లో ఎవరూ లేరు. ఆ ఫిబ్రవరి బుధవారం, మంచు ఉదయం ఆరింటికి ఆగింది. ఇర్మా గారు తవ్వి, 8.30కి లెనార్డ్‌ను ఆస్పత్రికి తీసుకెళ్లారు. దరఖాస్తు 11.05కి పడింది. ఆ మధ్యలో తీసిన ఫోటో ఇది.”

“అయితే?”

“వాళ్లు ఆస్పత్రికి వెళ్లేది గురువారాలు. వీధంతటికీ తెలుసు. ఆ ఒక్కవారం బుధవారానికి మార్చారు. ముందురోజు సాయంత్రం 5.40కి, క్లినిక్ నుంచి ఫోన్ చేసి. ఆ ఫోన్ చేసిందెవరు?”

డ్వేన్ పిన్ని చేతి మీంచి తన చెయ్యి తీసేశాడు.

“నువ్వే కదరా చేశావు,” అంది ఇర్మా మెల్లగా. “గురువారం మంచు ఇంకా పెరుగుతుంది పిన్నీ, రేపే పంపిస్తున్నా అన్నావు. చల్లగా ఉండు నాయనా అన్నాను.”

“మూడువారాల కింద మీరు దరఖాస్తు పెట్టగానే, ఇక్కడి నుంచి క్లినిక్‌కు విచారణ ఉత్తరం వెళ్లింది,” అంది గ్వెన్. “దాంతో, అనుమానం క్రెయిగ్ మీదికి పోయేలా పెట్టెలు అతని గుమ్మానికి చేరాయి. ఇంకొకటుంది. నూనెలో నానిన ఈ కాగితం మీ ఆయనది. ఊపిరితిత్తుల థెరపీ, నలభై ఎనిమిదిసార్లు చేసినట్టు క్లెయిము.”

“నలభై ఎనిమిదా? ఆరుసార్లే చేశారు. అక్టోబరులో ఆపేశారు. ఇన్సూరెన్స్ ఇచ్చే కోటా అయిపోయిందన్నారు.”

“చెయ్యని నలభై రెండుతో అయిపోయింది.”

ఇర్మా డ్వేన్ వైపు తిరిగింది.

“ఆయన ఊపిరాడక గోడ పట్టుకుంటే, నా బల్ల దగ్గర మాంసం కూరిన క్యాబేజీ రోల్స్ మూడోసారి వడ్డించుకుంటూ చెప్పావు. రూల్స్ బాబాయ్, నేనేం చెయ్యను అని. ఎలా దిగిందిరా నీకు ముద్ద?”

“పిన్నీ, అది... నేను లాయర్‌తో తప్ప మాట్లాడను.”

“మాట్లాడకు. నీ గొంతు వింటేనే వాంతొస్తోంది.”

బయట నిలబడిన పోలీసు లోపలికొచ్చాడు. డ్వేన్ లేచాడు. పిన్ని భుజం మీద చెయ్యి వెయ్యబోతే ఆమె కుర్చీతో సహా వెనక్కి జరిగింది.

ఫిలిస్ ఓర్ ముందున్న ఫారం తీసేసి, దొంగ రిజిస్ట్రేషన్‌ను తన ఉత్తర్వుతోనే కొట్టేసింది. ముఖాన కొంచెం సిగ్గు ఉంది.

“ఆ నలభై రెండూ రద్దుచేయమని ఇవాళే రాస్తాను,” అంది గ్వెన్. “థెరపీ మళ్లీ మొదలవ్వాలి. అయ్యేదాకా ఫోన్లు చేస్తూనే ఉంటాను.”

ఇర్మా తలాడించింది. ఏడవలేదు.

“వెనక్కి కొట్టిన నా దరఖాస్తు ఇప్పుడు తీసుకుంటారా?”

“తీసుకుంటాం. ఇక్కడే సంతకం పెట్టండి.” ఫిలిస్ పెన్ను అందించింది.

ఇర్మా పెన్ను అందుకోలేదు. తన కుడిచెయ్యి చూసుకుంది, డ్వేన్ పట్టుకున్న చెయ్యి.

“సబ్బు ఎక్కడుంది?”

గ్వెన్ వరండా చివరకు చూపించింది. నీళ్ల చప్పుడు చాలాసేపు వినిపించింది. ఆగింది. మళ్లీ మొదలైంది.

2.55కి ఇర్మా తిరిగొచ్చి, తడి చేత్తోనే తన పేరు తను రాసుకుంది.