జోకొట్టే చెయ్యి

రాత్రంతా బేకరీలో పిండి పిసికి, రొట్టెలు కాల్చి, ఊరు లేచేవేళకు ఇల్లు చేరడం అతని పని. వీధిలో అందరికీ అతను రొట్టెలాయన. ఒళ్ళు హూనమై వచ్చినా కంటిమీదికి కునుకు రాదు. కిటికీకి దుప్పటి కట్టాడు, చెవుల్లో దూది పెట్టుకున్నాడు, అరికాళ్ళకు నూనె రాసుకున్నాడు. రెప్ప వాలీ వాలకముందే బయట ఎవడో బండి స్టార్ట్ చేసేవాడు.

"కుంభకర్ణుడి వంశమని చెప్పి మీవాళ్ళు నన్ను మోసం చేశారండీ" అని నవ్వేది భార్య. నవ్వుతూనే అతని కళ్ళకింది నలుపు చూసి దిగులుపడేది. ఓ రాత్రి పొయ్యి దగ్గర కునికిపాటు పడి మోచెయ్యి కాల్చుకున్నాడు. ఇంకోసారి ఇలా జరిగితే పనిలోకి రావద్దన్నాడు యజమాని.

ఆ మర్నాడు పొద్దున గోడవైపు తిరిగి పడుకుంటే, వీపుమీద ఓ చెయ్యి పడింది. పసిబిడ్డను జోకొట్టినట్టు మెల్లగా తట్టింది. భార్య బట్టల షాపుకు బయల్దేరబోతూ వచ్చి కూర్చుందనుకున్నాడు. అంతే, మొద్దునిద్ర.

తర్వాత రోజూ అదే చెయ్యి. రోజూ అదే నిద్ర. ముఖంలోకి కళ వచ్చింది.

"అంతా నీ చేతి చలవే" అన్నాడు ఓ సాయంత్రం.

"నా చెయ్యేమిటి? పాపని బడికి పంపి, షాపుకు పరిగెత్తే హడావుడిలో నేను ఆ గదిలోకే రానుగా?"

అతను మాట మార్చి, పనికి బయల్దేరాడు.

మర్నాడు వాళ్ళిద్దరూ వెళ్ళాక తలుపు గడియపెట్టి, గోడవైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. నిద్ర నటించాడు. గదిలో చడీచప్పుడూ లేదు. కాసేపటికి, ఏళ్ళతరబడి పెట్టెలో మగ్గిన బట్టల వాసన సన్నగా వచ్చింది. మంచం ఓ పక్కకి కుంగింది.

చెయ్యి పడింది... తట్టింది... ఆగింది.

"నిద్ర రాలేదా?"

మెడవెనక గుసగుస. ఊపిరి మాత్రం తగల్లేదు.

"ఎ... ఎవరు?"

"పడుకో నాయనా. నువ్వు పడుకుంటేనే కదా... నేను లేచేది."

వెనక్కి తిరగాలనుకున్నాడు. ఒళ్ళు మాట వినలేదు. నాలుక కొరుక్కున్నాడు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. అయినా రెప్పలు బరువెక్కాయి... చెయ్యి తడుతూనే ఉంది...

మెలకువ వచ్చేసరికి గది మసకమసగ్గా ఉంది. తలుపు గడియ తీసి ఉంది. మంచం పక్కన పాప నిలబడి ఉంది, ఇంకా బడి బట్టల్లోనే.

వంటింట్లోంచి భార్య నవ్వు వినిపించింది. ఎన్నాళ్ళయిందో ఆమె అంత హాయిగా నవ్వి! దాని వెంటే ఓ మగగొంతు ఏదో అంది.

అది అతని గొంతే.

అతను దిగ్గున లేవబోయాడు. మంచం కిర్రుమంది. వంటింట్లో మాటలు టక్కున ఆగిపోయాయి.

"పడగ్గదిలో ఏమిటండీ ఆ చప్పుడు?" అంది భార్య.

"నువ్వుండు. నేను చూసొస్తా" అంది అతని గొంతు.

అడుగులు ఇటే వస్తున్నాయి. తొందరేమీ లేదు వాటికి.

పాప గబుక్కున అతని కళ్ళమీద చెయ్యి పెట్టింది.

"కళ్ళు మూసుకో నాన్నా" అంది గుసగుసగా. "నువ్వు మేలుకుంటే... ఆయనకి కోపమొస్తుంది."