పడని వేలిముద్ర

ఆ పొద్దున ఆ ఇంట్లో జరిగినదానికి బాధ్యులు మీరే. మాంసం ప్యాకెట్ల కంపెనీని నడిపే మీరు. షేర్లు అమ్మకానికి పెట్టేముందు లాభం లావుగా కనబడాలని ఫ్యాక్టరీలో ముక్కల్ని మోసే బెల్టు వేగం పెంచిన మీరు. ఉద్యోగుల కుటుంబాలన్నీ మా కుటుంబమే అని టీవీలో నవ్వుతూ చెప్పారు కదా. అయితే ఆ కుటుంబంలో ఒక ఇంటిని చూడండి.

వంటగదిలో కప్పు పగిలింది.

"మళ్లీనా? చేతులకు నూనె రాసుకున్నావా ఏంటే?" తల్లి పెరట్లోంచే అరిచింది. "ఈ నెలలో ఇంకో కప్పు మిగిలేలా లేదు. రేపట్నుంచి నీకు దోసిట్లోనే టీ!"

కూతురు వంగి ముక్కలు ఏరింది. ఎడమ చేతి చిటికెన వేలిలో పెంకు దిగింది. నేలమీద రక్తపు చుక్క చూశాకగానీ ఆ సంగతి ఆమెకు తెలియలేదు. వేలికి గుడ్డపీలిక చుట్టుకుని ముందుగదిలోకి వచ్చింది.

అక్కడ తండ్రి, అన్న ఫోన్ ముందు పెట్టుకుని కూర్చున్నారు. తండ్రి బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. చేతికొచ్చిన డబ్బు బ్యాంకులో ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే కొన్నాళ్లుగా ఇంట్లో గొడవ. సిమ్ కార్డుల దుకాణం నడిపే కొడుకు ప్యాకెట్ మాంసం షేర్లే కొనాలని పట్టుబట్టాడు. చెల్లెలు ఆ కంపెనీలోనే పని చేస్తోంది కాబట్టి ఉద్యోగుల కోటాలో తక్కువకు వస్తాయి. ఆమె పేరున కొనాలి, ఆమె వేలిముద్ర పడాలి. గడువు ఆ రోజే.

"పెరుగుతుందంటావా?" తండ్రి అడిగాడు.

"జనానికి వండుకునే ఓపిక ఎక్కడిది నాన్నా? ప్యాకెట్ చింపి పెనం మీద పడేస్తే అయిపోయింది. లాభం పోయినేడాదికి రెట్టింపు. షేర్లు కొనడానికి పెద్దమనుషులే ఇవాళ ఫ్యాక్టరీకి వస్తున్నారు. ఇంకేం చూడాలి?"

"ఇంటికప్పు చూడాలి," అంటూ తల్లి లోపలికి వచ్చింది. "వానొస్తే నీ షేర్లు కప్పుకుని పడుకుంటామా?"

"ఉండమ్మా! ఇవి పెరిగితే కొత్త ఇల్లే కొనొచ్చు. అది మన కంపెనీ."

తండ్రి కూతురివైపు తిరిగాడు. "అమ్మలూ, లోపల ఉండేదానివి నువ్వు. నువ్వు చెప్పు. కొనమంటావా?"

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "పెరుగుతుంది నాన్నా. తప్పకుండా పెరుగుతుంది."

చావు కబురు చెప్పినట్టుంది ఆ గొంతు. తండ్రికి ఏదో తేడా తగిలింది. కొడుకు మాత్రం గంతేశాడు. దుకాణం నుంచి తెచ్చిన వేలిముద్ర మెషిన్ ఫోన్‌కు తగిలించాడు.

చెల్లెలు బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు.

"నొక్కి పెట్టవే, ముద్దు చేస్తున్నావేంటి!"

మళ్లీ ఎర్ర లైటు. వేలు తుడిచి పెట్టింది. ఎరుపే. చూపుడు వేలు. ఎరుపే. కొడుకు విసుక్కుని తన వేలు పెట్టి చూశాడు. ముద్ర పడి టక్కున పచ్చ లైటు. తండ్రి వేలికీ పచ్చే వెలిగింది.

కొడుకు చెల్లెలి చెయ్యి పట్టుకుని వెలుతురులోకి లాగాడు. వేలికొన తోలు ఊడి నున్నగా, తెల్లగా మెరుస్తోంది. ఒక్క గీత లేదు.

"ఇదేంటే?"

"మాంసం చెడిపోకుండా వాడే మందు నీళ్లు," అంది ఆమె. "గడ్డకట్టిన ముక్కల్ని అందులో ముంచి ట్రేల్లో సర్దాలి. గ్లవ్స్ వేసుకుంటే చెయ్యి ఆడదు, బెల్టు అందదు. వేగం పెంచాక ఎవరూ వేసుకోవట్లేదు. ముందు గీతలు పోయాయి. తర్వాత స్పర్శ పోయింది."

"మరి గేటు దగ్గర రోజూ వేలు పెట్టాలిగా?" అన్నాడు తండ్రి.

"మా వేళ్లు పడట్లేదని ఆ మెషిన్ తీసేశారు నాన్నా. ఇప్పుడు కెమెరాకు ముఖం చూపించి లోపలికెళ్తాం."

అంటే మీకు తెలుసు. తెలిసే మెషిన్ మార్చారు. బెల్టును మాత్రం అలాగే ఉరికించారు.

 కొడుకు మెషిన్ అద్దం తుడిచాడు. "పోనీ క్రీమ్ రాసి గంటాగి చూద్దాం. మా షాపులో ముసలివాళ్లకి అలాగే..."

"నోర్ముయ్!" తండ్రి లేచి నిలబడ్డాడు. "అది నీ చెల్లెలి చెయ్యిరా!"

"నేనేమైనా కోశానా? మనం కొనకపోతే ఇంకొకడు కొంటాడు. అంతమాత్రానికి బెల్టు ఆగుతుందా?"

"కొను అన్నయ్యా," చెల్లెలు నెమ్మదిగా అంది. "లాభం నిజమే. వచ్చే ఏడు ఇంకా పెరగాలంటారు, బెల్టు ఇంకా ఉరకాలి. మొన్న నా పక్కనామె వేలు కోత బ్లేడు కింద పడింది. ఆమెకు తెలియనే లేదు. ట్రే ఎర్రబడితే నేను చూసి అరిచాను. బెల్టు ఆపలేదు."

తల్లి వచ్చి ఆ చేతులు రెండూ పట్టుకుంది. రక్తంతో తడిసిన గుడ్డపీలిక విప్పింది. పెంకు ముక్క ఇంకా లోపలే ఉంది.

"నొప్పి లేదా?"

"లేదమ్మా."

"రోజూ తిట్టాను కదే..." తల్లి ఆ వేళ్లను చెంపకు ఆనించుకుని వెక్కివెక్కి ఏడ్చింది. చెంప తడి తన వేళ్లకు ఆనుతోందని కూతురు కళ్లతో చూసి తెలుసుకుంది.

"నాతోనైనా చెప్పొచ్చుగా?" అంటూ అన్న ఆమెవైపు తిరిగాడు.

"చెప్తే మానేయమంటారు. ఈ చేతులకు ఇంకెవరు పనిస్తారు?"

అతను ఫోన్‌లో షేర్ల దరఖాస్తు మూసేశాడు. చెల్లెలి పాదాల దగ్గర కూలబడ్డాడు. వీధి చివర కంపెనీ బస్సు హారన్ మోగింది. ఆగి, మళ్లీ మోగింది.

తండ్రి చొక్కా తొడుక్కున్నాడు. "మెషిన్ తీసుకోరా. గేటు దగ్గర అందరి వేళ్లూ పెట్టిద్దాం. షేర్లు కొనడానికొచ్చిన పెద్దమనుషుల ఎదురుగానే."

నలుగురూ మీ గేటు వైపు బయల్దేరారు. గేటు తీయండి. ఇవాళే బెల్టు ఆపండి. డాక్టరును పిలిపించి ప్రతి చెయ్యీ చూపించండి, ఖర్చు మీరు పెట్టండి. చెయ్యి చెడినవాళ్లకు జీతం ఆపకుండా వేరే పని ఇవ్వండి. అవన్నీ జరిగేదాకా ఒక్క షేరు కూడా అమ్మొద్దు!