చీకటి గది రీడింగులు

చీపురుపల్లి దాటాక ఒక పీజీ కాలేజీ ఉంది. పేరు అనవసరం. అక్కడి ఫిజిక్స్ ల్యాబ్ చివర డార్క్ రూమ్. రీడింగులు తీస్తూ తీస్తూ ఒకమ్మాయి అందులోనే పోయిందంటారు. ఏ ఏడో, ఎవరి పిల్లో ఎవరూ చెప్పలేరు. కానీ ఆ భయానికి లోపల ఎవరూ నిలబడరు. సీనియర్ల రికార్డుల్లోంచి అంకెలు దించుకుని మార్కులు తెచ్చుకుంటారు.

నేను దెయ్యాల్ని నమ్మను. మా అక్క కూతురు తన్మయి చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, అంతే.

కిందటేడు గెస్టు లెక్చరర్‌గా వచ్చిన శైలజ మేడమ్ ఆ దించుడు ఆపించింది. పిల్లల్ని టీములు కట్టి, "ఎక్కడా జవాబు దొరకని ప్రశ్న తెచ్చుకోండి" అంది. తన్మయి, గౌతమి, దేవేంద్ర నువ్వుల నూనెలో కల్తీ పట్టుకుందామనుకున్నారు. బోలు గాజు పట్టకంలో నూనె పోసి, సోడియం దీపం వెలుగు అందులో ఎంత వంగుతుందో కొలవాలి. హెడ్డు జగన్నాధంగారికి ఇదంతా గిట్టలేదు. మర్నాడు కొలతలు చూపించకపోతే టీములూ ఉండవు, మేడమ్ ఉద్యోగమూ ఉండదన్నారు.

అందుకే చీకటి పడినా కదల్లేదు. బయట వాన... పోయిన కరెంటు అప్పుడే వస్తే, దీపం మళ్లీ వెలిగించారు.

దేవేంద్ర చివరి నూనె పోసి బయటికొచ్చేశాడు.

"జాగ్రత్తే, లోపల నీకు తోడున్నాదట!"

"ముందు నువ్వు తలుపెయ్యరా, వెలుతురొస్తాది," అంది గౌతమి.

లోపల గౌతమి టెలిస్కోపులో చూసి అంకె చెప్పాలి. తలుపు బయట తన్మయి రాయాలి. అదీ వాళ్ల పద్ధతి.

"ముప్పై నాలుగు డిగ్రీలు... పన్నెండు నిమిషాలు."

తన్మయి రాసింది. మళ్లీ అదే అంకె. మళ్లీ... మళ్లీ... తడబాటు లేదు.

"ఏటే, ఇంత జోరుగా సెప్తన్నావు?"

బదులుగా ఇంకో రీడింగు వచ్చింది.

"అన్నీ ఒక్క దగ్గరే! రేపు హెడ్డు నోరు మూతే," అన్నాడు దేవేంద్ర.

"సాలే గౌతమీ, వచ్చీ."

తన్మయి తలుపు తట్టింది.

"ఏటి సాలు?" — లోపల్నించి గౌతమి. "దీపం ఇప్పుడిప్పుడే పసుపు తిరుగుతోంది. నేనింకా కన్నే పెట్టలేదు..."

తన్మయి చేతిలో పెన్ను ఆగిపోయింది. మొదట తేరుకున్నది దేవేంద్రే.

"ఆ అంకెలు కొట్టీ. ఎవులు తీసేరో తెలీనివి మనవి కావు."

తన్మయి కొట్టేసింది. జరిగింది తలుపు సందులోంచి చెప్పి, బయటికి రమ్మంది. గౌతమి రాలేదు.

"ఇప్పుడొచ్చేస్తే మేడమ్ గతేటి? నేనే తీస్తాను. మీరు మాత్రం ఎల్లిపోకండి..."

తీసింది. అవే అంకెలు. మర్నాడు జగన్నాధంగారు పట్టకం తెప్పించుకుని స్వయంగా కొలిచి చూసి, సంతకం పెట్టారు. టీములు నిలిచాయి, మేడమూ నిలిచింది.

అదంతా బాగానే ఉంది. కానీ ఆ రాత్రి, తన మొదటి అంకె చెప్పబోయే ముందు, గౌతమి లోపల్నించి గుసగుసగా అడిగిందట —

"ఒసే... కన్ను పెట్టే అద్దం మీద ఆవిరి పట్టున్నాదే. ఇది... ఎవరి ఊపిరే?"