ఆరోన్ గారి పాత అక్షరం

ప్రొద్దుటూరులో స్పోకెన్ ఇంగ్లీషు నేర్పే ఆరోన్‌కు ఇన్‌స్టాగ్రామ్‌లో మామూలు ఇంగ్లీషు రాయడం నామోషీ. ‘టీ హెచ్’ రావలసిన ప్రతిచోటా, ఇంగ్లీషువాళ్లే ఎప్పుడో అటకెక్కించేసిన ఒక పాత అక్షరాన్ని దించి పెడతాడు: þ. పొట్టపైన ఒక కొమ్ము, కింద ఒక తోక.

జమ్మలమడుగులో నర్సుగా పనిచేసే ప్రసన్నకుమారి అలాంటి పోస్టు ఒకటి మొదటిసారి చూసి, స్క్రీన్ పగిలిందేమోనని చున్నీతో తుడిచింది. తర్వాత కామెంటు పెట్టింది.

“ఏంది సార్, మీ కీబోర్డుకు దెబ్బ తగిలిందా? కట్టు కట్టాల్నా?”

ఆరోన్‌కు ఒళ్లు మండింది. కంప్యూటర్లు మనుషుల రాతలు దొంగిలించి తెలివి నేర్చుకుంటున్నాయనీ, వాటికి అజీర్తి చేయడానికే ఈ అక్షరమనీ పెద్ద వ్యాసమే రాశాడు.

“నిన్న మీరు రాసింది మైదుకూరు బస్సు లేటని. దాన్ని దొంగిలించి కంప్యూటరు ఏం చేసుకుంటాది సార్?”

అలా తగవుతో మాటలు కలిశాయి. ఒక వాన సాయంత్రం జమ్మలమడుగు బస్టాండులో బజ్జీల బండి పట్టా కింద కలుసుకున్నారు. తీరా ఎదురుగా నిలబడితే స్పోకెన్ ఇంగ్లీషు మాస్టారికి ఏ భాషా రాలేదు. ఆమెను చూడటం, తల దించుకోవడం, ఫోన్ తీయడం. ఇంటికెళ్లాక మాత్రం ఆ వాన గురించి, ఆమె కళ్ల గురించి కొమ్ములూ తోకలతో పేజీలు నింపేశాడు. ఎక్కడో నార్వేలో ఎవరో “అద్భుతం” అన్నారు.

ప్రసన్నకుమారి నవ్వుకుంది. నవ్వుకుంటూనే అతన్ని ప్రేమించింది. చిక్కల్లా అక్కడే వచ్చింది.

“మా నాయన పులివెందుల సంబంధం ఖాయం చేసినాడు,” అని ఒకరోజు ఫోన్ చేసింది. “నేను వద్దంటే, ఇంకెవురన్నా ఉంటే ఆ పిలగాడే వచ్చి అడగల్ల అంటాండాడు. ఎప్పుడొస్తావు?”

“పోస్టు పెట్టినా కదా, చూడలేదా?”

“మా నాయనకు నీ పోస్టు చదివే ఖర్మేంది? చర్చిలో మూడు ఆదివారాలు మా పెండ్లి ప్రకటన చదువుతారు. ఈ పెండ్లికి ఎవురికన్నా అభ్యంతరముందా అని అడుగుతారు. ఏదో ఒక ఆదివారం వచ్చి లేసి చెప్పు.”

మొదటి ఆదివారం పాస్టరయ్యగారు పేర్లు చదివిన గంటకే ఆరోన్ తన అభ్యంతరాన్ని పాత అక్షరాల్లో పోస్టు చేశాడు. లైకులు బాగా వచ్చాయి. రెండో ఆదివారం ఇంకా బాగా వచ్చాయి. పులివెందుల వాళ్లు పెళ్లి బట్టలకు బయలుదేరారు.

మూడో ఆదివారం మాత్రం మాస్టారు స్వయంగా వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు.

“ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే తెలియజేయవలెను,” అన్నారు అయ్యగారు.

ప్రసన్నకుమారి వెనక్కి తిరిగి చూసింది. ఆరోన్ తల వంచుకొని ఫోన్‌లో గబగబా టైపు చేస్తున్నాడు. ఆమెకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. లేచి నిలబడింది.

“నాకుంది అయ్యగారూ.”

“కూర్చో పాపా!” అన్నాడు తండ్రి పేతురు, నలుగురూ చూస్తున్నారని కంగారుగా.

“నా అభ్యంతరం ఆ కడపటి బెంచీలో కూర్చోనుండాది. ఆయప్ప నోరు తెరిస్తే సరి. తెరవకపోతే ఈ పెండ్లీ వద్దు, ఆయప్పా వద్దు నాకు.”

చర్చి మొత్తం వెనక్కి తిరిగింది. ఆరోన్ లేచాడు. చేతిలో ఫోన్ జారి బెంచీ కిందికి పోయింది. వంగి తీసుకోలేదు.

“అయ్యగారూ, ఈ పాపంటే నాకు శానా ఇష్టం. చెప్పల్లంటే భయం. కంప్యూటర్లూ లేదు, దొంగలూ లేదు. ఎవరికీ అర్థం కాకూడదనే ఆ అక్షరాలు రాస్తాంటి. అర్థమైతే ఎవురన్నా కాదంటారని.”

పేతురు అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

“ఏం పని చేస్తాండావప్పా?”

“ప్రొద్దుటూరులో మాట్లాడేది నేర్పిస్తా.”

ఆడవాళ్ల వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. పేతురు నవ్వలేదు.

“మధ్యాన్నం ఇంటికి రా. పులివెందులోళ్లకు ఫోన్ చేసి చెప్పాల్సింది నువ్వే. మెసేజి గాదు, నోటితో.”

ఆరోన్ తల ఊపాడు.

“తల ఊపేది గాదు,” అంది ప్రసన్నకుమారి, కళ్లు తుడుచుకుంటూ.

“చెప్తా,” అన్నాడు ఆరోన్, చర్చి గేటు దాకా వినబడేలా.