దింపుడు కల్లం దగ్గర దొరికిన డబ్బా

“బాంబు పేలాలి, మిత్రదేశం రాయబారి పోవాలి, మన జనమే చంపారనాలి, దోస్తీ తెగాలి. ఇదీ విదేశీ ముఠా ప్లాన్,” అన్నాడు చీఫ్ పట్టాభిరామయ్య. “టైమ్ పదకొండు నలభై. రాయబారి కారు ఇబ్రహీంపట్నం చౌరస్తా దాటే వేళ. మన ఇన్ఫార్మర్ నీహారిక ఇచ్చిన టిప్ ప్రకారం బాంబు టీ కొట్లో ఉంది. నీ సొంతూరే కదా, బయల్దేరు.”

ఏజెంట్ మహేశ్వర్ అప్పటికే బండి తాళాలు అందుకున్నాడు. అదే సమయానికి అదే చౌరస్తాకు ఆ మిత్రదేశం దిష్టిబొమ్మను శవయాత్రగా మోసుకొస్తున్నది అతని పెద్దనాన్న కొడుకు వీరస్వామి. వీరస్వామి తమ్ముడు శ్రీశైలం మేస్త్రీ పనికని ఆ దేశం పోతే, చేతికి తుపాకీ ఇచ్చి వాళ్ల యుద్ధానికి తోలారు. పెట్టెలో తిరిగొచ్చాడు. ఊరు ఊరంతా రగిలిపోతోంది.

టీ కొట్టు జల్లెడ పట్టినా ఏమీ దొరకలేదు. పదకొండు ముప్ఫై. మెడలో డప్పు, చెవిలో ఇయర్‌పీస్‌తో మహేశ్వర్ యాత్రలో కలిశాడు. ముందు నడుస్తూ లైవ్ ఇస్తోంది నీహారిక. పైకి టీవీ రిపోర్టర్, లోపల డిపార్ట్‌మెంట్ ఇన్ఫార్మర్. నల్ల కళ్లద్దాలు, చూడముచ్చటైన నవ్వు. బొమ్మకు తల కూడా ఆమే సిటీ నుంచి తెచ్చిచ్చిందట.

“ఆగుండ్రి! దింపుడు కల్లం!” అరిచాడు వీరస్వామి. ఉత్తుత్తి చావైనా పద్ధతి పద్ధతే. పాడె దారిలో దించాలి, చెవిలో మూడుసార్లు పిలవాలి.

“దించొద్దు! నడవండి, నడవండి!” నీహారిక కేక పెట్టింది. చూపంతా వాచీ మీదే.

ఇలాంటి సీన్ దొరికితే ఏ రిపోర్టరైనా ఎగిరి గంతేస్తుంది. ఈమెకేం వచ్చింది? మహేశ్వర్ పాడె వైపు తోసుకెళ్లాడు.

వీరస్వామి వంగి బొమ్మ చెవి పట్టుకున్నాడు. “మా తమ్మున్ని ఏం జేసినవ్...” అంటూనే ఆగాడు. “గడ్డిబొమ్మ తలకాయల ఇనుప డబ్బా ఏంది?”

“దూరం పోండ్రి అందరు!” మహేశ్వర్ డప్పు చట్రంలోంచి కటర్ లాగాడు. గడ్డి పీకితే ఎర్రటి అంకెలు. తొమ్మిది... ఏడు... వైరు తెగింది. అంకె నాలుగు దగ్గర ఆగింది.

పారిపోబోయిన నీహారికను యాత్రలో నడుస్తున్న బుగ్గమ్మ జుట్టు పట్టి లాగింది. విగ్గు ఊడొచ్చింది గానీ, మిగతా ఆడవాళ్లు ఆమెను వదల్లేదు. రాయబారి కారు చౌరస్తా దాటిపోయింది.

“ఆ దేశపోన్ని కాపాడనీకి వచ్చినవా?” వీరస్వామి కళ్లు ఎర్రబడ్డాయి.

“నిన్ను కాపాడనీకి, అన్నా.”

వీరస్వామి వంగి పాడె కొమ్ము అందుకున్నాడు. “అయితే జర భుజం పట్టు,” అన్నాడు.

ఇయర్‌పీస్‌లో చీఫ్. “శభాష్! మరి జనం శాంతించారా?”

“లేదు సార్. బొమ్మ తేలికైంది గదా, ఇంకా జోరుగా నడుస్తున్నరు.”

పాడె ఒక కొమ్ము తన భుజం మీదే ఉందన్న సంగతి మాత్రం రిపోర్టులో రాయలేదు.