పళ్ళకు సున్నం

పొద్దున్నే కింద క్లినిక్కు షట్టరు లేచిన చప్పుడు వినగానే ఆమె మూతి మూడు వంకరలు తిరిగింది. "మీ నాన్న సున్నం కొట్టడానికి బయల్దేరారు," అంది కూతురితో, కాఫీ కలుపుతూ.

పళ్ళ డాక్టరైన భర్తంటే ఆమెకు చిన్నచూపు. కోపమైతే ఎప్పుడో చల్లారేది. ఆమె పరిశోధకురాలు. గాజు పళ్ళేల్లో చిగుళ్ళ కణాలు పెంచి, పళ్ళు తెల్లబరిచే మందులు వాటి మీద వేసి, ఎన్ని బతికాయో ఎన్ని చచ్చాయో మైక్రోస్కోపులో చూడడం ఆమె ఉద్యోగం. ఆయనేమో అదే మందు జనం నోళ్ళలో పెట్టి "వారంలో వెన్నెల నవ్వు" అని బోర్డు కట్టుకున్నాడు. "అంత చదువూ చదివి గోడలకు బదులు పళ్ళకు సున్నం కొడుతున్నారు," అనేది చుట్టాల ముందే. ఆయన నవ్వి ఊరుకునేవాడు. అలా ఊరుకోవడం చూస్తే ఆమెకు ఇంకా లోకువ.

ఆ పూట చిలక నోరు విప్పలేదు. పదిహేడేళ్ళ కూతురికి ఆ ముద్దుపేరు ఊరికే రాలేదు, నిద్రలోనూ వాగుతుంది. అలాంటి పిల్ల గుక్కెడు చన్నీళ్ళు నోట్లో పోసుకుని, చెంప పట్టుకుని కుర్చీలో కూలబడింది.

"ఏమైందే?"

"ఏం లేదమ్మా."

"ఏం లేకపోతే ఆ కన్నీళ్ళేంటి? నోరు తెరువు."

పిల్ల తెరిచింది. చిగుళ్ళ అంచులు తెల్లగా పాలిపోయి, అక్కడక్కడా పొర లేచిపోయి ఉంది. మందు పడిన కణాలు ఎలా చస్తాయో ఆమె ఏళ్ళ తరబడి చూసింది. కన్నకూతురి నోట్లో చూడాల్సి వస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

ఒక్క ఉదుటున మెట్లు దిగింది. క్లినిక్కు కుర్చీలో ఒక పెద్దమనిషి నోరు తెరుచుకుని పడుకుని ఉన్నాడు. ఆమె వచ్చిన ఊపు చూసి ఠక్కున మూసుకున్నాడు.

"మీ బోర్డు చూసి వచ్చే అమాయకులు చాల్లేదా? కూతుర్ని కూడా కాల్చుకు తినాలా?"

"ఏమంటున్నావు నువ్వు?"

"వెళ్ళి దాని చిగుళ్ళు చూడండి! మీ సున్నం ప్రతాపం తెలుస్తుంది."

ఆయన చేతిలో అద్దం పక్కన పెట్టేశాడు. "నేను దానికివ్వలేదు. అడిగితే వద్దన్నాను. ఆ వయసులో పంటి లోపలి గుజ్జు పెద్దగా ఉంటుంది, మందు సులువుగా..."

"నాకు పాఠాలు చెబుతున్నారా? కణమంటే ఏమిటో తెలుసా అసలు మీకు?"

"నాన్నని అనకమ్మా." చిలక మెట్ల మీద నిలబడి ఉంది. "అల్మరాలోంచి నేనే తీసుకున్నా. కాలేజీ వీడియోలో వార్తలు చదవడానికి నన్నే ఎంచుకున్నారు. పళ్ళు పచ్చగా కనబడతాయని... రోజూ తొడుగులో మందేసుకుని పళ్ళకు పెట్టుకుని, తెల్లారేదాకా అలాగే పడుకున్నా."

"తెల్లారేదాకానా! నీకు మతి పోయిందా? నాన్న వద్దన్నారటగా?"

"అన్నాడు. కానీ నాన్న మందు ఉత్త నీళ్ళని నువ్వేగా చెప్పావు! మీ ల్యాబులో వేస్తే కణాలు నిద్ర కూడా లేవలేదని పెద్దమ్మ వాళ్ళ ముందు అంటే అందరూ పడీపడీ నవ్వారు. నీళ్ళే కదా, కాసేపు పెడితే ఏం పనిచేస్తుందిలే అనుకున్నా."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఆ మాట అన్నది నిజమే. నీళ్ళలో బాగా పలచన చేసిన మందు వేసిన పళ్ళెంలో కణాలు బతికాయి. పక్కనే, చిక్కటి మందు వేసిన పళ్ళెంలో ఒక్కటీ మిగల్లేదు. ఆ సంగతి చెబితే మొగుణ్ణి చూసి నవ్వడానికి ఉండదని, నవ్వొచ్చే సగమే చెప్పింది.

ఇప్పుడు ఆయన వంతు. ఇన్నేళ్ళదీ కలిపి ఎంతైనా అనొచ్చు. ఆయన పెద్దమనిషిని సాయంత్రం రమ్మని పంపేసి, కూతుర్ని కుర్చీలో పడుకోబెట్టాడు. ఒక్కో పన్నూ తట్టి అడుగుతూ, చిగుళ్ళు చూస్తూ చాలాసేపు వంగే ఉన్నాడు.

"లోపలికి దిగిందా అండీ? నరానికేమైనా..." అని అడిగింది ఆమె.

"నరం బాగానే ఉంది. చిగుళ్ళు మానతాయి. జివ్వుమనడం తగ్గడానికి కొంచెం టైం పడుతుంది. లైటు కాస్త ఇటు పట్టుకో."

ఆమె పట్టుకుంది. "నాలుగు మాటలనండి నన్ను. ఊరుకోకండి, భరించలేను," అంది.

ఆయన చేస్తున్న పని ఆపి, మొదటిసారి నవ్వకుండా ఆమె వంక చూశాడు. "ఆ మందు నేనెలా వాడతానో ఒక్కసారైనా అడిగావా?"

ఆమె తల వంచుకుంది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. నోరు తెరుచుకుని పడుకున్న చిలక ఇద్దరి వంకా బిక్కుబిక్కుమంటూ చూస్తోంది.

"ఎలా వాడతారండీ?" అంది చివరికి.

ఆయన మళ్ళీ పనిలోకి వంగి, మందుకు ముందు చిగుళ్ళకు రక్షణ పూత ఎలా వేస్తాడో, మందు పెట్టినంతసేపూ మనిషి పక్కనుంచి ఎందుకు కదలడో చెప్పసాగాడు. కళ్ళు తుడుచుకోవడానికి ఆమెకు చెయ్యి ఖాళీ లేదు. రెండు చేతులా లైటు పట్టుకుని అలాగే వింటూ నిలబడింది.