అమ్మోరు దిగిన ఇల్లు

మెయిల్ డ్రైవర్ నూకరాజు చచ్చిపోలేదు, చంపేశారు. రైలు కింద తల పెట్టింది అతనే. పెట్టించినవాడు మాత్రం ఇస్త్రీ కోటు తొడుక్కుని, మెడలో స్టెతస్కోప్ వేలాడేసుకుని, ఖరగ్‌పూర్ గోల్‌బజార్‌లో పేదలకు ఉచితంగా మందులిస్తున్నాడు. పేరు డాక్టర్ లక్ష్మీపతి. సొంతూరు విశాఖపట్నం అని చెప్పుకుంటాడు.

సీక్రెట్ సర్వీస్ ఏజెంట్ గణపతిరావు ఆ నూకరాజుకు తోడబుట్టిన అన్న.

"కాల్చకూడదు. నాకు వాడు ప్రాణాలతో కావాలి" అన్నాడు చీఫ్ సుబ్బరాజు. రైల్వే యార్డులో ఓ మూల ఆపిన ఖాళీ గార్డు బ్రేక్‌వ్యాన్‌లో బ్రీఫింగ్ జరుగుతోంది.

గణపతిరావుకు అర్థమైంది. ఇష్టం లేదంతే. వాడి గొంతు పిసకాలని చేతులు దురదపెడుతున్నాయి.

అది 1971. యుద్ధం ముంచుకొస్తోంది. ఆ సాయంత్రం ఖరగ్‌పూర్ నుంచి ఆయుధాల స్పెషల్ రైలు బయల్దేరుతుంది. బయల్దేరిందని వైర్‌లెస్‌లో సిగ్నల్ అందితే చాలు, కోలాఘాట్ వంతెన దగ్గర పొంచి ఉన్న శత్రు ముఠా దాన్ని పేల్చేస్తుంది. సిగ్నల్ ఇచ్చేది లక్ష్మీపతి. ఎప్పుడు ఇవ్వాలో అతనికి చెప్పాల్సింది డ్రైవర్ దేముడు.

చెప్పక ఏం చేస్తాడు పాపం? రైల్వే ఆస్పత్రికి వెళితే అన్‌ఫిట్ చేసి ఇంజన్ దింపేస్తారని, డ్రైవర్లు జబ్బులు దాచుకుని లక్ష్మీపతి దగ్గరికి పోయేవాళ్ళు. పేషెంటు కూర్చునే స్టూలు కింద మైక్రోఫోన్ ఉంది. నమ్మి చెప్పుకున్న మాటల్నే తర్వాత టేప్ రికార్డర్‌లో వినిపించి, ఏ బండి ఎప్పుడు కదులుతుందో చెబుతావా, ఇది మీ ఆఫీసుకు పంపమంటావా అనేవాడు. నూకరాజుకు ఫిట్స్. చస్తే చెప్పనన్నాడు. మర్నాటికి అతని జబ్బు సంగతి ఆఫీసుకు, బజారుకు, వియ్యాలవారింటికి కూడా పాకిపోయింది. తలెత్తుకోలేక పట్టాల మీదికి పోయాడు.

దేముడికి రేచీకటి. తన వంతు వచ్చేసరికి గణపతిరావు దగ్గరికొచ్చి వలవలా ఏడ్చాడు. ఆ సంగతి చీఫ్ ఒక్క రైల్వే డాక్టరుకే చెప్పాడు. చీకట్లో చూపు లేనివాడు ఇంజన్ ఎక్కకూడదు కాబట్టి, ఆయన కారణం ఎవరికీ చెప్పకుండా దేముణ్ని షెడ్డు పనికి మార్చాడు. లక్ష్మీపతికి ఇదేమీ తెలియదు.

మధ్యాహ్నం జిడ్డోడుతున్న ఫిట్టర్ చొక్కాతో, అతికించిన మీసంతో గణపతిరావు క్లినిక్‌లో అడుగుపెట్టాడు. కౌంటర్లో ఆలిస్ కూర్చుని ఉంది. ఎర్రటి లిప్‌స్టిక్, మతిపోగొట్టే నవ్వు. రెండు వైపులా జీతం తీసుకునే డబుల్ ఏజెంట్. నూకరాజు జబ్బు గురించి ఆఫీసుకు ఫోన్ చేసిన గొంతు ఆమెదే. అతను పోయాక మనసు విరిగి మీ వైపు వచ్చేశానంది. చీఫ్ నమ్మాడు. గణపతిరావు నమ్మలేదు.

గణపతిరావు లోపలి గదిలో లక్ష్మీపతి ఎదుట స్టూలు మీద కూర్చుని గొంతు తగ్గించాడు. "దేముడుగోరు పంపినారు బాబూ. ఆలింట్లో అమ్మోరు దిగినాది. గుమ్మానికి యేపమండలు కట్టీసినారు. ఎవుల్నీ రానీడం నేదు. ఆయన బయటికి రానేరు."

మశూచి అన్న పేరు నోట రానివ్వకుండా మనవాళ్ళందరూ అనే మాట అది. ఏ తెలుగు డాక్టరైనా ఆ మాట వింటే ముందు కుర్చీ వెనక్కి జరుపుతాడు. లక్ష్మీపతి ముందుకు వంగాడు.

"ఎవరామె? వయస్సు ఎంత?"

దొరికావురా దొంగవెధవా, అనుకున్నాడు గణపతిరావు. విశాఖపట్నం కాదు గదా, ఆ దరిదాపుల గాలి కూడా తగల్లేదు వీడికి. పుస్తకాల్లో బట్టీపట్టిన తెలుగు.

కానీ వాడికీ అనుమానం తగిలింది. ఆలిస్‌ను పిలిచి, అమ్మోరంటే ఎవరని అడిగాడు. ఆలిస్ ఖరగ్‌పూర్‌లో పుట్టి తెలుగు పిల్లలతో ఆడుకుంటూ పెరిగింది. ఆమెకు తెలియకపోవడమేమిటి? గణపతిరావు చెయ్యి చొక్కా కింది పిస్టల్ మీదికి పోయింది.

ఆమె గోళ్ళ రంగు చూసుకుంటూ అంది: "పెద్దింటి ఆడమనిషిని అలా అంటారు డాక్టర్. కలకత్తా నుంచి వచ్చిన సీక్రెట్ సర్వీస్ మనిషేమో. మీరే వెళ్ళి చూడండి."

పొద్దు వాలుతుండగా ఖరిదా బస్తీలో దేముడి ఇంటి ముందు కారు ఆగింది. లక్ష్మీపతి వైర్‌లెస్ సెట్టున్న మందుల బ్యాగుతో దిగి, వెంట వచ్చిన ఆలిస్‌ను వీధిలో కాపలా ఉంచాడు. వేపమండలు పక్కకు నెట్టి లోపలికి దూసుకుపోయాడు. చాప మీద ఒక ఆడమనిషి నిండా ముసుగుతో పడుకుని ఉంది. పిస్టల్ తీసి దుప్పటి లాగాడు.

ముఖం నిండా పొక్కులు.

అది నూకరాజు భార్య దాలమ్మ. బియ్యప్పిండి, కుంకుమ అద్దుకునే ముందు తప్పు కాయమని అమ్మోరికి దండం కూడా పెట్టుకుంది. లేచి వాడి మణికట్టు పట్టుకుంది.

"నా మొగుడి రోగం ఊరంతటికీ సెప్పినావు గదా. రా, నా రోగం కూడా సూడు."

వాడు చెయ్యి విదిలించుకోబోయాడు. తలుపు చాటునుంచి గణపతిరావు లాఠీతో కొట్టిన దెబ్బకు పిస్టల్ ఎగిరిపడింది. వీధిలో ఆలిస్ "బొసొంతో, బొసొంతో" అని బెంగాలీలో అరుస్తోంది. మశూచి పేరు చెవిన పడగానే వాడి కారు డ్రైవర్ వెనక్కి చూడకుండా ఉడాయించాడు.

అంతలో యార్డు నుంచి స్పెషల్ కూత వినిపించింది. లక్ష్మీపతి పాకుతూ పోయి బ్యాగు తెరిచి మీట మీద వేలు పెట్టాడు. దాలమ్మ కుండెడు పసుపునీళ్ళు ఎత్తి సెట్టు మీద కుమ్మరించింది. సెట్టు చిటపటలాడి చచ్చింది. స్పెషల్ చప్పుడు కోలాఘాట్ వైపు దూరమైపోయింది.

ముఠా మిగతావాళ్ళకు అరెస్టని తెలియకూడదు. అందుకే చీఫ్ పోలీసులకు బదులు శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ను పంపాడు. మశూచి వస్తే దాచకూడదు, ఊరికి చాటాలి, అది చట్టం. టముకు వేస్తూ లక్ష్మీపతిని అంబులెన్సులో గోల్‌బజార్ మీదుగా ఊరేగించారు. నిన్నటిదాకా నమస్కారాలు పెట్టినవాళ్ళు ముక్కులు మూసుకుని పక్కకు తప్పుకున్నారు. నూకరాజు నడిచిన వీధి అదే. గణపతిరావు కళ్ళారా చూశాడు. కడుపు నిండింది, కానీ తమ్ముడు రాడు. పక్కన నిలబడ్డ ఆలిస్ నుంచి రెండడుగులు దూరం జరిగాడు.

"నాకు ఏ రోగమూ లేదు. వీళ్ళకు చెప్పండి" అని లక్ష్మీపతి చేతులు జోడించాడు.

గణపతిరావు అంబులెన్స్ తలుపు మూసి గడియ వేశాడు.

"పేషెంటు సంగతులు బయటికి సెప్పకూడదు గదా, డాటరుబాబూ."